పంతొమ్మిది శాతం

నేను ఒక చవక ఫోన్‌ని. నా పుట్టుపూర్వోత్తరాలు తర్వాత చెబుతాను, ముందు నా బతుకు బుగ్గి చేసినవాడి పేరు చెప్పనివ్వండి. యర్రంశెట్టి పాండురంగారావు. భీమవరం మెయిన్ రోడ్డులో మొబైల్ షాపు, యూట్యూబులో 'పాండు అన్న పచ్చి నిజాలు' అని ఒక చానెల్. పాలకేంద్రం బోర్డు మీద 'ఇక్కడ నీళ్ళు కలపబడవు' అని రాసి ఉంటే మీరు ఏమనుకుంటారో, ఆ పేరు చూసినప్పుడు కూడా అదే అనుకోవాలి. కానీ అనుకోరు. పాల దగ్గర ఉన్న అనుమానం మనుషులకి మాట దగ్గర ఉండదు.

వాడు నన్ను తిట్టలేదు, కొట్టలేదు, కింద పడెయ్యలేదు. పరీక్షించాడు. అంతే. ఆ పరీక్ష చూసి నమ్మినవాడి కొంప ఎలా మునిగిందో చెప్పడానికే నేను నోరు విప్పుతున్నాను.

కొండల పక్కన వేసిన ఒక పెద్ద రేకుల షెడ్డులో పుట్టాను. పుట్టాను అనడం మర్యాద కోసం, బిగించారు. ఒక అమ్మాయి అద్దం అతికించింది, ఇంకో అమ్మాయి మరలు తిప్పింది, మూడో అమ్మాయి నా పొట్టలో బ్యాటరీ పెట్టింది. దాని మీద ఐదు వేలు అని అచ్చు వేసి ఉంది. అది రూపాయలు కాదు, నా లోపల పట్టే శక్తి కొలత. మీకు ఆయుష్షు రాసేవాడు నుదుటి మీద రాస్తాడట, ఎవరికీ కనబడదు. నాకు పొట్ట మీద రాశారు, కనబడేలాగే రాశారు, ఐనా ఎవరూ లెక్కపెట్టలేదు. చివర్లో ఒక అమ్మాయి నాకు చార్జర్ గుచ్చి, పచ్చ గీత వెలిగిందా లేదా అని ఒక చూపు చూసి, పాసైనట్టు ముద్ర వేసింది. మొత్తం నలభై సెకన్లు. మీ పెళ్ళిచూపులే నయం, కనీసం జంతికలు తినే వరకైనా కూర్చుంటారు.

మేము ఇరవై మందిమి ఒకే అట్టపెట్టెలో పాండురంగారావు షాపుకి చేరాం. అందరిదీ ఒకే రంగు, ఒకే ముఖం. వాడి చేతికి మొదట తగిలింది నేను. పంతొమ్మిది మందీ సీలు విప్పకుండా అద్దాల బీరువాలోకి వెళ్ళారు. నేను వెనక గదిలోకి వెళ్ళాను.

ఆ గదిలో ఒక బల్ల, రెండు లైట్లు, ఒక కెమెరా. నన్ను ఇనుప స్టాండుకి బిగించాడు. సిమ్ పెట్టలేదు. సిగ్నలు తీసేశాడు. తెర వెలుగు సగానికి దించాడు. ఏసీ పెట్టాడు. అప్పుడు ఒక వీడియోని తిరిగినదే తిరిగేటట్టు పెట్టి, తలుపు వేసుకుని భోజనానికి పోయాడు. ఏ పనీ లేకుండా చల్లగా కూర్చున్నవాడు ఎంతసేపైనా బతుకుతాడు. నేను పంతొమ్మిది గంటలు బతికాను. వాడు వచ్చి, జుట్టు దువ్వుకుని, కెమెరా ముందు నిలబడి, "ఫ్రెండ్స్, ఫుల్ వెలుతురు, ఫుల్ సౌండు, రెండు సిమ్ములూ వేసి నడిపాను. రెండ్రోజులు చావదు. రాసిస్తా," అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నాకు మాట్లాడే గొట్టం ఉంది, వినే చెవి ఉంది, కాని సొంత మాట లేదు.

ఆ వీడియోకి జనం బాగా వచ్చారు. అక్కడితో ఆగి ఉంటే నా బతుకు వేరుగా ఉండేది. జనం రుచి మరిగినవాడు ఆగడు. పక్క కంపెనీ ఫోన్‌తో పోటీ అన్నాడు, పెద్ద ఫోన్ చార్జర్ చిన్న ఫోన్‌కి పెడితే ఏమవుతుందో చూద్దాం అన్నాడు, బైక్ బ్యాటరీ నుంచి చార్జింగ్ అన్నాడు. ప్రతిసారీ నన్ను సున్నాకి దించడం, వందకి ఎక్కించడం. మనిషిని మెడ దాకా ముంచి, జుట్టు పట్టి పైకి లాగి, మళ్ళీ ముంచడం లాంటిది అది. నూట పద్దెనిమిది సార్లు ముంచాడు. వాడు లెక్క పెట్టలేదు, నా లోపల లెక్క ఉంది.

రోహిణి కార్తె వచ్చింది. నన్ను చార్జింగ్‌లో పెట్టి, కారు ముందు అద్దం కింద ఎండలో వదిలేశాడు. ఆ వీడియో పేరు 'పేలుతుందా లేదా'. నాలుగు గంటలు ఉడికాను. పేలలేదు. వాడు కారు తలుపు తీసి నన్ను చూసి, "ఛ, పేల్లేదెహె," అని ముఖం మాడ్చుకున్నాడు. ఆ రోజే నా పొట్ట ఉబ్బడం మొదలైంది. గోరంత. పైకి తెలియదు.

తర్వాత నన్ను గుడ్డతో తుడిచి, లోపలిదంతా చెరిపేసి, డబ్బాలో పడుకోబెట్టాడు. డబ్బాలో నాతో వచ్చిన అసలు చార్జర్ తీసి వేరే అమ్మకానికి అద్దాల బల్ల కింద పెట్టాడు. దాని బదులు ఈకలాగా తేలిపోయే ఒక నకిలీ చార్జర్ పెట్టాడు. సీలు మళ్ళీ అతికించాడు. చాలా శ్రద్ధగా అతికించాడు; వాడు జన్మలో చేసిన మంచి పనితనం అదొక్కటే. నేను కొత్త పెళ్ళికూతురినై బీరువా ఎక్కాను.

అప్పుడు వచ్చారు ఆ మొగుడూ పెళ్ళాం.

అతని పేరు చెల్లుబోయిన ధనరాజు. యాభై దాటిన మనిషి, కాళ్ళకి ఆరని బురద, చొక్కా జేబులో బీడీకట్ట. ఉప్పుటేరు అవతల చినగరువులో అతనికి సొంత రొయ్యల చెరువు ఉంది. ఆమె మంగతాయారు. ఆమె చేతిలో గుడ్డ సంచి, నోట్లో కత్తి. అతని పాత బటన్ల ఫోన్ చెరువులో పడి పోయిందట, ఆమెది మాత్రం ఇంట్లో ఉంది. ఆమె ఇంకో బటన్ల ఫోన్ కొందామంటుంది. అతను పాండురంగారావు వీడియో చూసి వచ్చాడు.

"ఇదేనాండీ ఆ వీడియోలోది? రెండ్రోజులు చావదన్నారు?" అని అడిగాడు ధనరాజు.

"చావడవేంటి మావయ్యా! మనం పోయినా అది పోదు."

"మేం పోయాక అదెందుకయ్యా మాకు? బతికుండగా మోగుద్దా, అది సెప్పు," అంది మంగతాయారు.

షాపులో నలుగురూ నవ్వారు. పాండురంగారావు కూడా నవ్వాడు, అమ్ముడుపోయే సరుకు ముందు వాడు ఎప్పుడూ నవ్వుతాడు. ఆమె భర్త వైపు తిరిగి, "బటన్లదే తీసుకోరాదా, వారం పాటు ఉంటది," అంది.

"అందులో రేట్లు ఎక్కడ కనబడతాయే? మేతిచ్చే రాజుగారు వాట్సాప్ గ్రూపులో రోజూ రొయ్య రేటు పెడతన్నారంట. ఊళ్ళో అందరూ సూసుకుంటంటే నేనొక్కణ్ణే అడుక్కు తిరగాలా?"

"రొయ్యుంటే గదా రేటు," అంది ఆమె. కాని సంచిలోంచి డబ్బు తీసింది ఆమే.

పాండురంగారావు నా సీలు వాళ్ళ ఎదుటే చింపాడు. "సూడండి మావయ్యా, మీ సేత్తో మీరే ముట్టుకోండి, ఇంతవరకు మనిషి సెయ్యి తగల్లేదు," అన్నాడు. నా వీపు మీద ఇనుప స్టాండు పట్టిన చోట సన్నటి గీత ఉంది. ధనరాజు వేలు సరిగ్గా దాని మీద నుంచే వెళ్ళింది. బురదలో నలిగిన వేలు, దానికి గీత తెలియలేదు.

ఇక ధనరాజు సంగతి. అంతకుముందు రెండు పంటలు అతనికి తెల్లమచ్చ తెగులు తగిలి పోయాయి. రొయ్యల మేత ఇచ్చే డీలరు సత్యనారాయణరాజు గారి దగ్గర చెరువు కాగితాలు తాకట్టు ఉన్నాయి. ఆయన మంచివాడని ఊళ్ళో పేరు. గట్టిగా మాట్లాడడు, ఎవరినీ మాటతో నొప్పించడు. మూడో పంటకి మేత ఇస్తూ, "ధనరాజూ, ఈ పంట తీసుకో, కాయితాలు పట్టుకెళ్ళు. ఈ పంటా పోయిందనుకో, నువ్వు నా దగ్గరకి రావద్దు. నేనే చెరువుకి వస్తాను," అన్నాడట నవ్వుతూ. అంటే ఆ చెరువులో ఈదుతున్నవి రొయ్యలు కావు, ఆ చెరువే. ఊళ్ళో అందరికీ తెలుసు. రొయ్యలకి మాత్రమే తెలియదు.

రొయ్య చాలా పెంకి జీవి. మేత ఉన్నా, నీళ్ళు ఉన్నా, నీళ్ళలో గాలి లేకపోతే అరగంటలో తల వేలాడేస్తుంది. అందుకని చెరువులో నాలుగు ఏరియేటర్లు, అంటే నీళ్ళని చిలికే చక్రాలు, రాత్రంతా తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే అవి ఆగిపోతాయి. అప్పుడు గట్టు మీద ఉన్న జనరేటర్‌ని ఎవరో ఒకరు లేచి తిప్పాలి. ఆ లేపడానికి ఇప్పుడు ఒక ఏర్పాటు వచ్చింది. స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. కరెంటు పోగానే ఆ పెట్టె యజమానికి ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే మళ్ళీ చేస్తుంది. ఆ పెట్టె నంబరుని ధనరాజు నా లోపల 'చెరువు' అని రాసుకున్నాడు.

పాత ఫోన్ ఉన్నప్పుడు దాన్ని పూర్తిగా నమ్మక, సగం రాత్రి అతనూ సగం రాత్రి ఆవిడా కూర్చుని కాపలా కాసేవారట. నేను వచ్చాక అతను ఆమెని ఇంటికి పంపేశాడు. గట్టు మీద పాకలో నన్ను తల పక్కన పెట్టుకుని, ఒళ్ళు మరిచి నిద్రపోయేవాడు. రెండ్రోజులు చావనిదాన్ని పక్కన పెట్టుకున్నవాడు ఇంకెందుకు మేలుకుంటాడు?

ఊరికే నమ్మాడని అనను. అతనూ నన్ను పరీక్షించాడు. కొన్న కొత్తలో మూడు రోజులు ఇంటి దగ్గర ఉంచి చూశాడు. వాళ్ళ ఇంటి వెనకే టవరు. పిలిస్తే పలికేంత దూరం. నేను హాయిగా ఉన్నాను, ఒకటిన్నర రోజు నిలిచాను. "సూశావా?" అని పెళ్ళాం ముందు మీసం దువ్వాడు. నాలుగో రోజు చెరువు గట్టుకి తెచ్చాడు. ఊళ్ళో టవరు అక్కడికి సరిగా అందదు. సిగ్నలు ఒక గీత వస్తుంది, పోతుంది. తీర్థంలో తప్పిపోయిన పిల్లవాడు అమ్మా అమ్మా అని గొంతు చించుకున్నట్టు, నేను రోజంతా టవరు కోసం అరుస్తూనే ఉండేవాణ్ణి. ఆ అరుపుకే నా ప్రాణం సగం పోయేది. సిమ్ లేకుండా చల్లటి గదిలో చేసిన పరీక్షలో ఈ అరుపు లేదు. టవరు పక్క ఇంట్లో చేసిన పరీక్షలోనూ లేదు. మనుషులు పరీక్ష ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ పెడతారు, బతుకు మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెడతారు.

దాని మీద ఇంకొకటి ఉంది. అది ధనరాజు సొంత తెలివి.

రొయ్యల చెరువులో మేత ఎంత వెయ్యాలో తెలియడానికి చెక్ ట్రేలు ఉంటాయి. వల బిగించిన చిన్న పళ్ళెం, దానికి తాడు. పళ్ళెంలో గుప్పెడు మేత వేసి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటల తర్వాత పైకి లాగి చూస్తారు. ఖాళీ అయితే రొయ్యకి ఆకలి ఉంది, మేత వెయ్యి. మిగిలి ఉంటే వెయ్యకు. మిగిలిన మేత మీద ఇంకా వేస్తే అడుగున కుళ్ళుతుంది, విషం లేస్తుంది, చెరువు చస్తుంది. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క సూత్రం మీద బతికిన మనిషి అతను. ఆ సూత్రం అతన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదు. దాన్ని తెచ్చి నాకు పెట్టాడు. నాలో ఇంకా మిగిలి ఉండగా చార్జింగ్ పెడితే లోపల కుళ్ళుతుందని అతని నమ్మకం. నన్ను పూర్తిగా చంపి, అప్పుడు మేత పెట్టేవాడు. అప్పటికే నూట పద్దెనిమిది సార్లు మునిగినవాణ్ణి. పాండురంగారావు డబ్బు కోసం చేసిన పనే ఈయన ప్రేమతో చేశాడు. నాకు రెండింటికీ తేడా తెలియలేదు.

మంగతాయారు పొద్దున్నా సాయంత్రం క్యారేజీ తెచ్చేది. ఆమె చదువుకోలేదు కాని అంకెలు గుర్తుపట్టేది. పంటపట్టుబడి ఇంక తొమ్మిది రోజులు ఉందనగా, ఒక సాయంత్రం క్యారేజీ దించుతూ నా వైపు చూసింది.

"ఇరవయ్యైదుంది. గుచ్చరాదా?"

"ట్రే ఖాళీ కాలేదే. ముందు ఖాళీ కానీ."

"అది రొయ్యా, ఫోనా?"

"ఏదైనా ఒకటే. ఆకలేసినోడికే మేత."

"సరే, నీ మేత నువ్వే తిను. ఆ పెట్టెలో నా నంబరు కూడా పెట్టమన్నానా? నీది మోగకపోతే నాది మోగుద్ది."

"మోగితే? సీకట్లో ఒక్కదానివే గట్టు మీద పరిగెత్తుకొస్తావా? పాములుంటాయే."

"పాముకి మగా ఆడా తెలుస్తదేంటయ్యా!"

అతను నవ్వాడు. ఆ పెట్టెలో రెండో నంబరుకి చోటు ఉంది. రెండు బటన్లు నొక్కితే పడుతుంది. పెళ్ళాం నంబరు పెట్టుకుంటే గట్టు మీద పక్క చెరువుల వాళ్ళు ఎగతాళి చేస్తారని పెట్టలేదు. ఆ మాట అతను ఆమెతో అనలేదు, పక్క చెరువు మనిషితో అంటుంటే నేను జేబులోంచి విన్నాను. "ఆడదాన్ని లేపి జనరేటర్ తిప్పించుకునే స్థితికి ఇంకా రాలేదులే," అన్నాడు. గొప్ప స్థితి.

ఆ సాయంత్రం అతను చాలా సంతోషంగా ఉన్నాడు. కొనేవాళ్ళు వచ్చి వల విసిరి చూసి వెళ్ళారు. కిలోకి ముప్పై తూగుతున్నాయి. చేతి వేలంత రొయ్య, గాజులాగా మెరుస్తుంది. గ్రూపులో రేటు కూడా పెరిగింది. ఆ సంతోషం పట్టలేక ఏం చేశాడో తెలుసా? నా గురించి పాండురంగారావు తీసిన వీడియోని నాలోనే పెట్టి చూశాడు. పక్క చెరువుల వాళ్ళకి పంపాడు. "మనదిదే, రెండ్రోజులు చావదు" అని ఒక్కొక్కడికీ నోటితో చెప్పి పంపాడు. సిగ్నలు లేక ఒక్కో వీడియో వెళ్ళడానికి నేను ఎన్ని గుక్కలు మింగానో నాకే తెలుసు. నా ప్రాణం నా గొప్ప చెప్పడానికే ఖర్చయింది.

అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను చూశాడు. పంతొమ్మిది శాతం అని ఉంది. చార్జర్ తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఒక క్షణం ఆలోచించాడు. పంతొమ్మిదంటే ట్రేలో ఇంకా మేత ఉన్నట్టే. పొద్దున్నకి ఖాళీ అవుతుంది, అప్పుడు పెడదాం. తాడు మళ్ళీ మేకుకి తగిలించాడు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ పాండురంగారావూ ఒకటే. ఆ పంతొమ్మిది అబద్ధం. ఉబ్బిన బ్యాటరీకి తన పొట్టలో ఎంత ఉందో తనకే తెలియదు. పాత అలవాటు మీద ఒక అంకె చెబుతుంది. నిజానికి అతను దుప్పటి కప్పుకునే సరికి నాలో ఒకటో రెండో మిగిలి ఉంది. పంతొమ్మిది చూపిస్తూనే, పదిహేను అయినా చూపించకుండా, ఒక్కసారిగా కళ్ళు మూసుకున్నాను.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. చచ్చినవాడిని అడక్కండి.

నాకు మెలకువ వచ్చేసరికి ఎండ పడి ఉంది. నన్ను చార్జింగ్‌లో పెట్టింది మంగతాయారు. క్యారేజీ గుమ్మంలో ఒరిగి, సాంబారు మట్టిలోకి ఇంకిపోతోంది. నాకు సిగ్నలు ఒక గీత అందింది. అందగానే సిమ్ కంపెనీ వాళ్ళు పంపిన వార్తలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మీ ఫోన్ ఆగి ఉన్నప్పుడు ఈ నంబరు నుంచి కాల్ వచ్చింది. మీ ఫోన్ ఆగి ఉన్నప్పుడు ఈ నంబరు నుంచి కాల్ వచ్చింది. ప్రతి దాని పక్కనా అతను రాసుకున్న పేరు. చెరువు. చెరువు. చెరువు. పదిహేడు సార్లు. మొదటిది రెండూ నలభైకి, ఆఖరుది నాలుగూ అయిదుకి. ఆ తర్వాత కరెంటు వచ్చింది, చక్రాలు వాటంతట అవే తిరిగాయి. అప్పటికి తిరిగినా ఒకటే, తిరక్కపోయినా ఒకటే.

మంగతాయారు ఆ అంకె చూసింది. నన్ను విసిరి కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్ను అలాగే పట్టుకుని, బయటికి వచ్చి, గట్టు మీద కూలబడింది.

ధనరాజు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చెరువు నాలుగు అంచులకీ తెల్లగా కట్టలు కట్టినట్టు రొయ్యలు. ఊపిరి కోసం గట్టుకి వచ్చి, గట్టు ఎక్కలేక, అక్కడే ఆగిపోయాయి. అతను వంగి ఒక దోసెడు ఎత్తుకుంటాడు, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో కదిపి చూస్తాడు, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు. ఇంకో దోసెడు ఎత్తుకుంటాడు. అలా ఎంతసేపు చేశాడో.

"ఇటు రావయ్యా," అంది ఆమె.

"ఒకటి కదిలిందే."

"గాలికి."

"లేదు, కదిలింది. నువ్వు సూడలేదు."

వార్త తెలిసి జనం వచ్చారు. అయ్యో అన్నారు. అయ్యో అన్నవాళ్ళ చేతుల్లో బుట్టలు ఉన్నాయి. "ఎలాగూ పారబోసేదే కదండీ," అని ఒకడు మొదలుపెట్టాడు. ఎండ ముదిరితే కుళ్ళిపోతాయి, పట్టుకెళ్ళమంది మంగతాయారు. ఆ పూట చినగరువులో ఏ ఇంట్లో చూసినా రొయ్యల కూర. సాయంత్రం వాసన గట్టు దాకా వచ్చింది. మసాలా బాగా దట్టించారు.

నాలుగో రోజు ధనరాజు నన్ను జేబులో వేసుకుని భీమవరం బస్సెక్కాడు. పాండురంగారావు నా వెనక డిప్ప ఊడదీసి, ఉబ్బిన బ్యాటరీ చూసి, ఈలవేశాడు.

"నీళ్ళలో పడేశావు కదూ మావయ్యా?"

"లేదయ్యా. నీళ్ళ దరికే తీసుకెళ్ళలేదు."

"చెరువు కాడ ఉంటావు, నీళ్ళలో పడక నిప్పుల్లో పడుద్దా?" షాపులో మళ్ళీ నలుగురూ నవ్వారు. వేరే నలుగురు, నవ్వు మాత్రం అదే. "పోనీ, చార్జింగ్ ఎలా పెట్టేవోడివి?"

ధనరాజు నిజం చెప్పాడు. ట్రే సంగతి, ఖాళీ అయ్యాక మేత వేసే సంగతి, పంతొమ్మిది ఉందని ఆపిన సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. నిజం చెబితే న్యాయం చేస్తారని అతనికి ఎవరు చెప్పారో. పాండురంగారావు కళ్ళు మెరిశాయి. రోహిణి ఎండలో కారు తలుపు తీసినప్పటి మెరుపే అది. "మావయ్యా, ఒక్క నిమిషం. ఇదంతా కెమెరా ముందు మళ్ళీ సెప్పు. కంపెనీకి పంపిద్దాం. ఫోన్ మారుస్తారేమో సూద్దాం," అని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు.

అదే బల్ల, అవే లైట్లు. ఈసారి నన్ను కాకుండా ధనరాజుని నిలబెట్టాడు. అతను చొక్కా గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుని, కెమెరాకి దణ్ణం పెట్టి, మొదటి నుంచి చెప్పాడు. రొయ్యలు తేలిన చోట గొంతు ఆగింది. పాండురంగారావు చేత్తో సైగ చేశాడు, కానియ్ కానియ్ అని.

కంపెనీకి ఏమీ వెళ్ళలేదు. మర్నాటికి చానెల్‌లోకి వెళ్ళింది. 'ఫోన్‌కి రొయ్యల మేత పెట్టిన మావయ్య' అని పేరు. నా పరీక్షలన్నిటికీ కలిపి రానంత జనం దానికి వచ్చారు. గొంతు ఆగిన చోట ఏదో వాయిద్యం మోగించాడు, నవ్వు రావడానికి. చినగరువులో రొయ్యల కూర తిన్నవాళ్ళు కూడా చూశారు. అతను చేత్తో పట్టుకున్న నా వీపు మీద స్టాండు గీత ఆ వీడియోలో స్పష్టంగా కనబడుతుంది. చూపించడానికి నాకు వేలు లేదు, చూసేవాళ్ళకి ఓపిక లేదు.

సత్యనారాయణరాజు గారు మాట తప్పే మనిషి కాదు. ధనరాజు ఆయన దగ్గరకి వెళ్ళలేదు. ఆయనే చెరువుకి వచ్చారు. గట్టు మీద చెప్పులు విప్పి నడిచారు, చెరువంటే అంత భక్తి. "బాధపడకు ధనరాజూ, కావాలంటే జీతానికి ఇక్కడే ఉండు. చెరువు నీకు అలవాటే కదా," అన్నారు. మంగతాయారు లేచి, ఖాళీ క్యారేజీ తీసుకుని, ఆయనకి ఎదురుగా నడిచి వెళ్ళిపోయింది. అంత పెద్దమనిషికి దారి ఇవ్వని ఆడమనిషి ఆమె ఒక్కతే.

రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజులు రాసే ఆయన గదికి నన్ను తీసుకెళ్ళారు. అమ్మేవాడి ఆధార్ నంబరుకి ముడిపడిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది చెప్పాలి అన్నాడు ఆయన. అప్పటికి నేను తాడు తగిలిస్తే తప్ప బతకను. గోడకున్న ప్లగ్గులో నన్ను గుచ్చారు. ధనరాజు నన్ను రెండు చేతులతో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అతని బొటనవేలు నన్ను ఆపేసే బటను మీద ఉంది. నొక్కలేదు, తియ్యలేదు.

"ఇయ్యాల కూడా మోగకపోతే బాగుణ్ణు," అంది మంగతాయారు, గోడతో అన్నట్టు.

నేను ప్రయత్నించాను. నమ్మండి. చావడం నాకు కొత్త కాదు, నూట పద్దెనిమిది సార్లు చచ్చినవాణ్ణి, ఆ తర్వాత అతని చేతిలో ఇంకెన్నోసార్లు. కాని ఆ గది పక్కనే టవరు, సిగ్నలు నాలుగు గీతలూ నిండుగా ఉంది, కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు. ఓటీపీ టింగుమని వచ్చింది. ఆరు అంకెలు, పెద్ద అక్షరాలతో, అద్దం మీద.

రాజుగారు మెచ్చుకోలుగా తల ఊపారు. "బానే పని చేస్తుందిగా ధనరాజూ, నీ ఫోను!"

ధనరాజు అంకెలు ఒక్కొక్కటే పైకి చదివాడు. మధ్యలో ఒకటి తప్పు చదివితే, దస్తావేజు ఆయన ఓపికగా మళ్ళీ చదివించాడు. వేలిముద్రలు అయ్యాయి. వాళ్ళిద్దరూ లేచి వెళ్ళిపోయారు. నన్ను ప్లగ్గులోంచి తియ్యలేదు. మర్చిపోయి కాదు, గుమ్మం దగ్గర మంగతాయారు వెనక్కి తిరిగి నన్ను చూసింది, చూసి వెళ్ళింది. సాయంత్రం దస్తావేజు ఆయన కరెంటు దండగని తాడు పీకి, నన్ను సొరుగులో ఎండిపోయిన ముద్రల పక్కన పడేశాడు. అక్కడి నుంచే మాట్లాడుతున్నాను.

తాడు పీకే ముందు ఆయన ఆ కాగితాన్ని ఇంకోసారి సరిచూసుకుంటూ పైకి చదువుకున్నాడు. నేను విన్న ఆఖరి మాటలు అవే. తూర్పున పంటబోదె గట్టు, దక్షిణాన పంచాయతీ పుంత దారి, పడమర కడలి వారి చెరువు, ఉత్తరాన మురుగు కాలువ. ఈ నాలుగు హద్దుల నడుమ గల రొయ్యల చెరువు, గట్లు, పాక, జనరేటర్ దిమ్మెతో సహా, వెరసి ఎకరా పదిహేడు సెంట్లు.